పొన్ని పోసిన నీళ్లు

పొన్ని చేతులు ఎప్పుడు చూసినా నీళ్లలో నానినట్టే ఉండేవి. వేళ్ల కొసలు ముడతలు పడి, గోళ్లు తెల్లబారి, డెట్టాల్ వాసన కొడుతూ. ధర్మపురి ఊరి వెలుపల కన్యాస్త్రీలు నడిపే ఒక చిన్న ఆసుపత్రిలో, కాన్పు గదిలో, ఆమె ఆయా. రక్తపు గుడ్డలు నానబెట్టేది, బల్లలు కడిగేది, పుట్టిన పసికందును తుడిచి చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టేది. ఇవి కాక ఇంకో పని కూడా చేసేది. దాని గురించి ఇంట్లో ఎన్నడూ నోరెత్తలేదు.

ఆమెది మహేంద్రమంగళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పెరియంపట్టి దొరైసామికి ఇచ్చి చేశారు. బావి తవ్వే పనిలో మట్టి విరిగి పడి అతను పోయేసరికి కూతురు మణిమేగలై ఇంకా పాలు మరవలేదు. కొన్నేళ్లు కలుపు తీతకూ, టమాటా కోతకూ పోయి ఎలాగో లాక్కొచ్చింది. ఆ తరువాత ఎవరో చెబితే ఆసుపత్రికి వచ్చి గేటు దగ్గర నిలబడింది.

కాన్పు గది అంతా సిస్టర్ అడైక్కలమేరీ చేతిలో ఉండేది. తిరుచ్చి వైపు మనిషి. నర్సు చదువు చదివిన కన్యాస్త్రీ. గొంతు పెద్దది, కోపం చిన్నది. పొన్ని చేరిన రెండో ఏడో మూడో ఏడో, ఒక వానాకాలం సాయంత్రం, ఒక కథోలిక తల్లికి నెలలు నిండని బిడ్డ పుట్టింది. నిలవదని చూస్తేనే తెలిసిపోతోంది. తల్లి ఫాదర్‌ను పిలవమని ఏడుస్తోంది. ఫాదర్ ఎక్కడో పెన్నాగరం అవతల ఉన్నాడు. సిస్టర్ చేతులు రెండూ తల్లి పనిలో ఉన్నాయి.

"పొన్నీ, ఆ గిన్నెలో నీళ్లు ముంచి బిడ్డ నెత్తిన పొయ్యి. నేను చెప్పే మాట నువ్వు చెప్పు."

"నేనా? మునియప్ప దేవరకు కోడిని కోసేదాన్ని సిస్టరమ్మా!"

"కోడి సంగతి రేపు మాట్లాడుకుందాం. నీళ్లు పొయ్యి!"

పోసింది. సిస్టర్ అందించిన తమిళం మాటలు ఒక్కొక్కటే తన నోటితో అంది. పితా, సుతన్, పరిశుద్ధ ఆవి పేరాలే ఉనక్కు జ్ఞానస్నానం కొడుక్కిరేన్. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను, అంతే దాని అర్థం. బిడ్డ ఇంకాసేపు ఊపిరి తీసి ఆపేసింది. తల్లి ఏడుపు మాత్రం మారింది. అంతకు ముందు కొట్టుకుని ఏడ్చిన మనిషి, ఆ తరువాత బిడ్డను ఒళ్లో పెట్టుకుని మెల్లగా ఏడ్చింది. పొన్ని అది చూసింది.

మర్నాడు సిస్టర్ కూర్చోబెట్టి చెప్పింది. బిడ్డ ప్రాణం పోతుంటే, ఫాదర్ వచ్చే వేళ లేకుంటే, అక్కడున్న ఎవరైనా ఆ పని చేయవచ్చట. చేసే మనిషి క్రైస్తవులే కానక్కర్లేదట. నీళ్లు పోసే చెయ్యి, మాట పలికే నోరు ఒకరివే కావాలి. సభ, అంటే చర్చి, ఏం తలచి చేస్తుందో అదే తలచి చేయాలి. "ఇంకొకటి. తల్లిదండ్రులు అడిగితేనే. అడగని బిడ్డ మీద మనకు హక్కు లేదు."

అట్లా మొదలైంది. ఆ ఆసుపత్రికి బీదవాళ్లు చివరి గడియలో వచ్చేవాళ్లు, నిలవని బిడ్డలు పుడుతూనే ఉండేవాళ్లు. వాళ్లలో కథోలికుల బిడ్డలకు సిస్టర్ చేతులు ఖాళీ లేనప్పుడల్లా పొన్ని చెయ్యే నీళ్లు పోసేది. వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి, మణికట్టు మీద వేసి చూసుకుని మరీ పోసేది. పోయే బిడ్డకు చలి ఎందుకు తగలాలి అని. అలాంటి రోజున ఇంటికి పోయే ముందు కుళాయి కింద స్నానం చేసేది. తెచ్చిన అన్నం ముట్టేది కాదు. బడి విడిచాక అన్నం క్యారియర్ తెచ్చే మణిమేగలైకి ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది: అమ్మ జుట్టు తడిగా ఉంటే లోపల ఒక బిడ్డ పోయిందని.

కాన్పు గది పక్కనే ముసలివాళ్ల వార్డు. అక్కడ నేల తుడుస్తూ పొన్ని ఇంకా చాలా చూసింది. ఫాదర్ వచ్చి రోగి నొసటికీ అరచేతులకూ నూనె రాసేవాడు. ఆ వారమే ఇంకో సభ పాస్టరు వచ్చి పక్క మంచం ఆయనకు నూనె రాసేవాడు. ఫాదర్ రాస్తే చుట్టాలు గొంతు తగ్గించి, ప్రయాణానికి మూట కట్టినట్టు ఏడ్చేవాళ్లు. పాస్టరు రాస్తే చప్పట్లు కొట్టి, లే, లేచి నడువు అని కేకలు పెట్టేవాళ్లు.

"ఒకరు సాగనంపడానికి పూస్తారు, ఒకరు నిలబెట్టడానికి పూస్తారు. నూనె మాత్రం ఒకటే," అని పొన్ని అంటే అడైక్కలమేరీ విసుక్కుంది.

"మాదీ నిలబెట్టడానికేనే! ఈ జనమే ఊపిరి కొసకొచ్చేదాకా ఫాదర్‌ను పిలవరు."

కేరళ నుంచి వచ్చిన ఒక నర్సు, తమ సిరియన్ సభలో పసిబిడ్డకు నీళ్లూ, నూనే, రొట్టే, ద్రాక్షరసమూ అన్నీ ఒక్కరోజే ఇచ్చేస్తారని చెప్పినప్పుడు పొన్ని ముక్కున వేలేసుకుంది.

"పళ్లు లేని బిడ్డ రొట్టె ఎట్లా తింటుంది తల్లీ?"

"వేలి కొసతో నాలుకకు తాకిస్తారు ఆయమ్మా."

"తేనె నాకించినట్టా?"

"అట్లాగే అనుకో."

ఇట్లా ఎవరి ఆచారం వాళ్లు చెబుతుంటే విని, తలూపి, బకెట్టు పట్టుకుని పోయేది. అవి వాళ్ల ఇళ్ల సంగతులు. తన ఇంటి గడప దాకా వస్తాయని ఆమె అనుకోలేదు.

మణిమేగలైని పెన్నాగరం దగ్గర ఊళ్లో కలైయరసన్‌కు ఇచ్చింది. వాళ్లూ తెలుగువాళ్లే, కూలిపనివాళ్లే. అతను టెంపో నడిపేవాడు. తల్లి పెరుమాయి వేరుశనగ చేలల్లో పనికి పోయేది. ఆమెకు నోరు ఎక్కువ, కోడలంటే ప్రాణం. రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలంలో మణిమేగలై కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఎక్కడికో ఎందుకని తల్లి పనిచేసే చోటికే తీసుకొచ్చారు.

పొద్దు పొడిచే వేళకు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. మెడకు పేగు చుట్టుకుని, నేరేడు పండు రంగులో. ఏడవలేదు. కదలలేదు. అదే క్షణాన తల్లికి రక్తం కట్ట తెగింది. డాక్టరమ్మ, నర్సు ఇద్దరూ ఆమె మీద వంగారు. సిస్టర్ బిడ్డను బల్ల మీద పెట్టి ఊపిరి బుడ్డితో ఊదుతూ ఉంది. ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూసి, "అయ్యో, అయిపోయిందే," అని, "బిడ్డను చూస్తా ఉండు," అని పక్క గదికి పరిగెత్తింది.

పొన్ని చూస్తా ఉంది. ఇన్నేళ్లలో ఆ రంగు ఆమెకు తెలుసు. ఆ మెడ వాలు తెలుసు. పక్కన ఎనామిల్ గిన్నెలో గోరువెచ్చని నీళ్లు. ఎవరూ అడగలేదు. ఎవరూ చెప్పలేదు. కుడిచెయ్యి తనంతట తానే గిన్నెలోకి పోయింది, నోరు తనంతట తానే తెరుచుకుంది. పితా, సుతన్, పరిశుద్ధ ఆవి పేరాలే. నీళ్లు ఆ చిన్న నెత్తి మీంచి చెవి పక్కగా కారి గుడ్డలో ఇంకిపోయాయి. మాట ముగిశాక గానీ ఆమెకు తెలియలేదు, తాను పోసింది ఎవరి మీదో.

సిస్టర్ సిలిండర్ దొర్లించుకుంటూ వచ్చింది. గొట్టం పెట్టారు, ఊదారు, వీపు రుద్దారు. తల్లికి రక్తం కట్టింది. చాలాసేపటికి బల్ల మీద పిల్లికూత లాంటి చిన్న శబ్దం వచ్చింది. సిస్టర్ కళ్లు తుడుచుకుంటూ, "చూడవే పొన్నీ, నీ మనవరాలు!" అంది. పొన్ని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆమె నీళ్లు పోసిన బిడ్డల్లో బతికిన బిడ్డ అదొక్కటే.

పోయే బిడ్డకు పోసిన నీళ్ల సంగతి పోయే బిడ్డతోనే పోయేది. ఇది ఉంది. పాలు తాగుతోంది. పిడికిలి బిగించి నిద్రపోతోంది. మరి దీన్ని తానేం చేసినట్టు? ఇది ఇంక ఎవరి బిడ్డ? అల్లుడింటి దేవర మునియప్ప ఒప్పుకుంటాడా? కూతురికి తెలిస్తే? మతం మార్చడం మీద సర్కారు చట్టం తెచ్చిన కొత్త అది; టీ కొట్లలో అవే మాటలు. ఆసుపత్రికి తాను ఏం ముప్పు తెచ్చిందో అదొక భయం. 

మొదట సిస్టర్ దగ్గరికే పోయింది. మఠం వెనక వరండాలో అడైక్కలమేరీ మునగాకు దూస్తోంది.

"సిస్టరమ్మా, అడగని బిడ్డకు పోస్తే ఏమవుతుంది?"

ఆకు దూసే వేళ్లు ఆగాయి. "ఎవరి బిడ్డకు?"

పొన్ని వంగి కిందపడ్డ మునగాకు ఏరసాగింది.

"నీ మనవరాలికా?"

తలూపింది.

"నిన్ను ఎవరడిగినారే? నేను ఎన్నిసార్లు చెప్పినాను! బయటి జనానికి తెలిస్తే ఈ గేటు ముందు ఏం జరుగుతుందో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ ఎందుకు పోసినావు?"

"చెయ్యి పోసింది సిస్టరమ్మా."

"చెయ్యి పోసింది సరే. మనసు?"

మనసు లేదంటే ఆ నీళ్లు చెల్లవని పొన్నికి తెలుసు. అబద్ధం చెబితే ఇక్కడే తేలిపోవచ్చు. "మనసూ దాంతోనే ఉండింది," అంది.

సిస్టర్ నిట్టూర్చింది. "అయితే అయిపోయింది. పోసిన చెయ్యి నీది, చేసింది నువ్వు కాదు. మంచివాడు పోసినా, చెడ్డవాడు పోసినా, ఫాదర్ పోసినా, ఆయా పోసినా చేసేది ఆయన. మా మాట అది. ఆ పిల్ల పెద్దదై గుడికి పోనీ, కుంకుమ పెట్టుకోనీ, ఆ నీళ్ల ముద్ర లోపల ఉంటుంది. మళ్లీ వేసేదీ లేదు, చెరిపేదీ లేదు."

"అయితే అది మా బిడ్డ కాదా ఇంక?"

సిస్టర్ ఉలిక్కిపడినట్టు చూసింది. "అట్లా ఎవరన్నారే? తల్లి ఒళ్లోంచి బిడ్డను లాక్కునే దేవుడు కాదు ఆయన." ఆకు పక్కన పెట్టి, "కూతురికి చెప్పు పొన్నీ. వాళ్ల బిడ్డ సంగతి వాళ్లకు తెలియాలి. నువ్వు చెప్పేదాకా నేను నోరు తెరవను. ఎందుకంటే తప్పులో నాకూ పాలుంది, నీ చేతికి అలవాటు చేసింది నేనే కదా," అంది.

పొన్నికి అది తలకెక్కలేదు. చెరిపేది లేదు అన్న మాట ఒక్కటే చెవుల్లో ఉండిపోయింది.

రెండు మూడు రోజులకు ఆసుపత్రి క్యాంటీన్లో టీ తాగుతూ, ఎక్కడో విన్న సంగతిలాగా ఎత్తింది. క్యాంటీన్ నడిపే జ్ఞానసుందరి సీఎస్ఐ సభ మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఎదుటి బల్ల మీద ఆంబులెన్స్ డ్రైవర్ ధర్మరాజ్ బజ్జీ తింటున్నాడు. అతనిది పెంతెకోస్తు సభ.

"ఒక హిందూ పిల్ల నెత్తిన ఎవరో తెలిసీ తెలియక నీళ్లు పోసి ఆ మాటలు చెప్పినారంట. అదేమవుతుంది?"

"ఏమీ కాదు పొన్నక్కా," అన్నాడు ధర్మరాజ్ వెంటనే. "తల తడుస్తుంది, అంతే. పాపమంటే పసిపిల్లకు తెలుసా? మనసు మార్చుకోవడం తెలుసా? మనిషి తనే నమ్మి, తన నోటితో ఒప్పుకుని, నిండా మునిగి లేవాల. చిలకరించేది బాప్తిస్మం కాదు."

జ్ఞానసుందరి గరిటె ఆపి చూసింది. "చెబుతా ఉన్నాడయ్యా, రెండుసార్లు తడిసినవాడు!"

"మొదటిసారి మా అమ్మ తడిపించింది. అది నా లెక్క కాదు. హొగెనక్కల్ ఏట్లో మునిగింది నేను."

"మునిగినాడో, బండ మీద జారినాడో! పాస్టరు చొక్కా పట్టుకుని లాగకపోయుంటే మేట్టూరు డ్యాము దాకా పోయుండేవాడు."

క్యాంటీన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ధర్మరాజ్ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు త్వరగా పోయింది. "నవ్వుకోక్కా. నీళ్లల్లోంచి లేచినప్పుడు నేనేమైనానో నాకు తెలుసు. ఆ పొద్దు నుంచి సీసా ముట్టలేదు. నా పెండ్లాన్ని అడుగు."

"అది నేను కాదంటానా తమ్ముడూ?" జ్ఞానసుందరి గొంతు మెత్తబడింది. "నువ్వు మారినావు, అది నిజం. మా తట్టు వేరే మాదిరి. నీకు పేరు పెట్టేటప్పుడు నిన్ను అడిగి పెట్టినారా? పెట్టి పిలుస్తా ఉంటే ఒకరోజు నువ్వే పలికినావు. అట్లా దేవుడు ముందు పిలుస్తాడు. అమ్మానాన్నా, సభలో అందరూ బిడ్డ తరఫున మాటిస్తారు. ఎదిగినాక బిషప్పు ముందర నిలబడి తనే ఒప్పుకుంటుంది. అప్పుడొచ్చి ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకుంటుంది."

"మాటిచ్చేవాళ్లు ఎవరూ లేకపోతే?" అంది పొన్ని.

జ్ఞానసుందరి ఆమె ముఖం కాస్త తేరిపార చూసింది. ఏమనిపించిందో, అడగలేదు. "పిలుపు గాలికి పోదు పొన్నక్కా. పలకమని నేర్పేవాళ్లు లేరే అని బాధ, అంతే. టీ చల్లారిపోతా ఉంది, తాగు."

ఇంటికి పోతూ పొన్ని ధర్మరాజ్ మాటను గట్టిగా పట్టుకుంది. తల తడిసింది, అంతే. ఎంత తేలిక! మనవరాలు మనవరాలిగానే ఉంది, ఏమీ జరగలేదు. బస్సు దిగేదాకా ఆ తేలిక నిలిచింది. దిగి నడుస్తుంటే వెనకనుంచి ఇంకో ఆలోచన తగులుకుంది. ఇది ఉత్త నీళ్లయితే, అవీ ఉత్త నీళ్లే కదా. ఆ వానాకాలపు బిడ్డ, ఆ తరువాతి బిడ్డలు, ఒళ్లో పెట్టుకుని మెల్లగా ఏడ్చిన ఆ తల్లులు. వాళ్లందరికీ తాను చేసింది తల తడపడమేనా? పోయిన బిడ్డల నీళ్లకు బలం ఉండి, బతికిన బిడ్డ నీళ్లకు లేకుండా ఎట్లా పోతుంది? మనవరాలిని విడిపించుకోవాలంటే వాళ్లందరినీ వదిలేయాలి. అది ఆమె వల్ల కాలేదు.

అప్పటినుంచి పొన్ని బిడ్డకు దూరంగా మసలింది. వాళ్ల ఇళ్లలో పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసేది అమ్మమ్మే. పొన్ని ఎదురింటి పంచవర్ణాన్ని పిలిచి పోయించింది. డ్యూటీ అనేది, నడుం నొప్పి అనేది. మూడో నెలలో కలైయరసన్ వచ్చి తీసుకుపోయేటప్పుడు మణిమేగలై గడపలో ఆగింది.

"నలుగురి బిడ్డలనూ ఎత్తుకుంటావు. నా బిడ్డనే ఎత్తుకోవు. ఆడపిల్లనా? నీరసంగా ఉందనా?"

"కాదే తల్లీ."

"మరేమి?"

పొన్ని వంగి గుడ్డల మూట అందించింది. మణిమేగలై టెంపో ఎక్కి, ముఖం అటు తిప్పుకుంది.

ఏడాది నిండేలోపు తల వెంట్రుకలు ఇవ్వాలని పెరుమాయి కబురు పెట్టింది. మునియప్ప ఉండేది వాళ్ల ఊరికి కొంత దూరంలో గుట్ట కింద. గుడి లేదు. ఒక రాయి, దాని చుట్టూ భూమిలో గుచ్చిన ఈటెలు, మట్టి గుర్రాలు. ఆ ఇంటివాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. క్షవరం చేసే ముందు బిడ్డ తల తడపడానికి నీళ్లు పుట్టింటినుంచి రావాలి. తల్లిని కన్న తల్లి తన ఇంటి నీళ్లు చెంబుతో తెచ్చి, బిడ్డ నెత్తిన దోసిళ్లతో పోస్తూ, "ఇది మా ఇంటి నీళ్లు పడిన బిడ్డ. ఇంకమీద నీ బిడ్డ దేవరా," అనాలి. అన్నాకే మంగలి కత్తి తీస్తాడు. అప్పటిదాకా బిడ్డ దేవరకు తెలియదని వాళ్ల నమ్మకం.

పొన్ని చెంబు నిండా నీళ్లు తెచ్చింది. బస్సులో ఒలకకుండా మూతికి గుడ్డ కట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. పెరుమాయి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. బిడ్డకు మోహనప్రియ అని పేరు పెట్టారు. జుట్టు ఒత్తుగా పెరిగి చెవుల మీద పడుతోంది.

పొన్ని దోసిట నీళ్లు తీసుకుంది. "ఇది మా ఇంటి నీళ్లు పడిన బిడ్డ," అంది. అక్కడ ఆగిపోయింది. ఇంకమీద నీ బిడ్డ. ఇదే బిడ్డను, ఇట్లాగే నెత్తిన నీళ్లు పోసి, ఇంకొకరి చేతిలో పెట్టింది తాను. నిండు మనసుతోనే పెట్టింది. ఒకరికిచ్చిన మాటను ఇంకొకరికి ఎట్లా ఇచ్చేది? ఈ దేవరను మోసం చేయాలా, ఆ దేవుణ్ణి మోసం చేయాలా? నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి.

"ఏం వదినా, మాట మరిచినావా?" అంది పెరుమాయి.

"నేను పోయకూడదు వదినా."

పూజారి పళని తలపాగా సర్దుకున్నాడు. "పోస్తారా లేదా? అవతల ఇంకొకరు మేకను పట్టుకుని నిలబడి ఉన్నారు."

"ఉండన్నా!" అని పెరుమాయి అతని మీద కసిరి, "ఎందుకు పోయకూడదు? మైలా? ఎవరైనా పోయినారా?" అని పొన్నిని అడిగింది.

పొన్ని మోకాళ్ల మీద కూర్చుంది. బిడ్డ పుట్టిన పొద్దు సంగతి చెప్పింది. సిలిండర్ అయిపోయింది, సిస్టర్ పరిగెత్తింది, గిన్నెలో నీళ్లున్నాయి, నోట ఆ మాట వచ్చింది. పోసేటప్పుడు మనసులో ఏముందో అదీ దాచలేదు.

పెరుమాయి బిడ్డను గుండెకు అదుముకుంది. "ఏసు దేవుడి నీళ్లా? మా పిల్లకా? మునియప్పా, వింటా ఉన్నావా!" అని రాయివైపు చూసి, మళ్లీ పొన్ని వైపు తిరిగి, గొంతు దించి అడిగింది. "ఆ నీళ్లు పడినాకేనా పిల్ల ఏడ్చింది?"

ఔననడం ఎంత సులువో పొన్నికి తెలుసు. ఔనంటే పెరుమాయి ఆ దేవుడికి కూడా ఒక దండం పెట్టి ఊరుకుంటుంది. "అది నాకు తెలియదు వదినా. సిస్టరమ్మ ఊదింది, గొట్టం పెట్టింది. చాలాసేపటికి ఏడ్చింది. నేను బతకడానికని పోయలేదు."

అంతవరకూ మణిమేగలై కదలకుండా విన్నది. అప్పుడు అంది, "తెలుసు. దేనికి పోస్తావో నాకు తెలుసమ్మా. క్యారియర్ తెచ్చిన రోజుల్లో నీ తడి జుట్టు చూసినాను. చచ్చిపోయే బిడ్డకు పోస్తావు నువ్వు." అత్త ఒళ్లోని బిడ్డ వైపు చూసింది. "ఏ దేవుడి పేరు చెప్పినావో నాకు పట్టలేదు. నేను ఇంకా నా బిడ్డ ముఖమే చూడలేదు. అంతలోనే నువ్వు దాన్ని సాగనంపేసినావు!"

ఆ మాట పొన్ని ఎదురుచూడలేదు. ఇన్ని నెలలూ ఏ దేవుడు ఏమంటాడో అని భయపడింది గానీ, ఇది తట్టలేదు. 

"సాగనంపలేదే," అంది. "అక్కడ నీకు ఒంటి మీద తెలివి లేదు. డాక్టరమ్మ నీ దగ్గర ఉంది. దాన్ని చూసేవాళ్లు ఎవరూ లేరు. వచ్చింది, వచ్చినట్టు దానికే తెలియకుండా పోతా ఉంది. ఎవరో ఒకరు రమ్మన్నారని దానికి తెలియాల కదా. పోయే బిడ్డలకైనా నేను పోసింది అందుకే. పో అని కాదు. వచ్చినావు, చూసినాము, నీకు ఒకరున్నారు అని చెప్పడానికి. అది చెప్పడానికి నాకు వేరే మాట రాదు. ఆ మాటే వచ్చు."

 అవతల మేక అరిచింది. కలైయరసన్ కండువాతో మెడ తుడుచుకుంటూ భార్య వైపు చూశాడు.

మణిమేగలై ముక్కు చీది, పైట కొసతో ముఖం తుడుచుకుంది. వంగి అత్త ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది. పొన్ని తల దించుకుంది, ఇంక లేచి బస్సుకు పోవడమే అనుకుంది. బిడ్డ బరువు తన ఒళ్లో పడేదాకా ఆమెకు అర్థం కాలేదు.

"నువ్వు పోయద్దు," అంది మణిమేగలై. "పట్టుకో."

"తల్లి పోసే ఆనవాయితీ మనకు లేదే కోడలా!" అంది పెరుమాయి.

"నీళ్లు పుట్టింటివే కదా అమ్మా," అన్నాడు కలైయరసన్. "బిడ్డ దానిది. అదే పోయనీ."

పెరుమాయి ఏదో అనబోయి, మనవరాలి ముఖం చూసి, "మునియప్పా, చిన్నపిల్లలు, తప్పులెంచకు," అని రాయికి దండం పెట్టి పక్కకు జరిగింది. తరువాత ఇంటికి పోయి మూడురోజులు సణిగింది గానీ, అక్కడ మాత్రం అంతకంటే ఏమీ అనలేదు.

మణిమేగలై చెంబు ఎత్తింది. పొన్ని బిడ్డ తలను ఎడమచేత ఆనించి, కుడిచెయ్యి నొసటికి అడ్డం పెట్టింది, కళ్లలో పడకుండా. ఎన్నో తలల మీద పోసిన చెయ్యి, మొదటిసారి ఇంకొకరు పోసే నీళ్లకు అడ్డంగా ఉంది.

"ఇది మా ఇంటి నీళ్లు పడిన బిడ్డ," అంది మణిమేగలై. గొంతు తడబడలేదు. "ఇంకమీద నీ బిడ్డ దేవరా."

నీళ్లు పొన్ని వేళ్ల మీదుగా జారి బిడ్డ బుగ్గల మీదికి దిగాయి. చన్నీళ్లకు మోహనప్రియ గుక్కపట్టింది. ఒక్క క్షణం శబ్దం లేదు.  అంతలోనే బిడ్డ గుట్ట అదిరేలా అరిచి, కాళ్లతో అమ్మమ్మ పొట్టలో తన్నింది. మంగలి కత్తి నూరుకుంటూ దగ్గరికి జరిగాడు.

మణిమేగలై ఇంకా తల్లి ముఖం వైపు చూడలేదు. ఖాళీ చెంబు కింద పెట్టి, బిడ్డ కాళ్లు రెండూ తన చేతుల్లో బిగించి పట్టుకుంది.

"తల గట్టిగా పట్టుకో అమ్మా," అంది. "కదులుతా ఉంది."